దేహానికి ఎనర్జీ ఆడిట్: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

వృత్తిరీత్యా నేను ఫ్యాక్టరీలలో ఎనర్జీ ఆడిట్లు చేస్తాను. యంత్రాల మీద రాసి ఉన్న కిలోవాట్లను కూడి నెల వాడకాన్ని అంచనా వేస్తే అది కరెంటు బిల్లుతో ఎన్నడూ సరిపోదు. మీటరు పెట్టి కొలిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. నా వయసు 46, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే సూచిక) 29 దగ్గర ఉంది. మన దేశంలో 25 దాటితేనే స్థూలకాయంగా లెక్కించాలన్న ప్రమాణం ప్రకారం డాక్టరుగారు బరువు తగ్గి తీరాలని చెప్పారు. ఎలాగూ తగ్గాలి గనక, నా శరీరం రోజుకు ఎంత శక్తిని ఖర్చు చేస్తోంది, బరువు తగ్గేకొద్దీ ఆ ఖర్చు ఎలా మారుతుంది, వ్యాయామం దానికి నిజంగా ఎంత కలుపుతుంది అన్న మూడు ప్రశ్నలకు ఇంట్లోని సాధనాలతోనే జవాబులు రాబట్టాలని నిశ్చయించుకున్నాను.

పద్ధతి సులువైనదే. తిన్న శక్తిలోంచి ఖర్చయిన శక్తిని తీసేస్తే మిగిలేది ఒంట్లో నిల్వ పడాలి, తక్కువైతే నిల్వలోంచి పోవాలి. ఒక కిలో కొవ్వు కణజాలంలో సుమారు 7,700 కిలోకెలొరీలు ఉంటాయని అంటారు. (ఇకపై కెలొరీ అని రాసిన ప్రతిచోటా కిలోకెలొరీ అనే అర్థం.) కాబట్టి కొన్ని వారాలపాటు తిండిని తూచి రాసుకుని, బరువులో వచ్చిన మార్పును 7,700తో హెచ్చవేసి, దాన్ని రోజులకు పంచితే, తిండికీ ఈ అంకెకూ ఉన్న తేడాయే శరీరపు రోజువారీ ఖర్చు. ప్రయోగశాలల్లో ఇదే పని కోసం మనిషిని గాలి చొరబడని గదిలో కూర్చోబెట్టి అతడు పీల్చిన ఆక్సిజన్‌ను, వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తారు, లేదా ఐసోటోపులు (ఒకే మూలకానికి చెందిన, బరువులో తేడా ఉన్న పరమాణువులు) కలిపిన నీళ్లు తాగించి మూత్రాన్ని పరీక్షిస్తారు. ఆ సౌకర్యాలు నాకు లేవు. నా దగ్గర ఉన్నవి వంద గ్రాముల తేడాను చూపించే బరువు యంత్రం, ఒక గ్రాము దాకా తూచే వంటింటి త్రాసు, చేతి గడియారం, ఎక్సెల్ షీటు.

జూన్, రెండో వారం

అనుకున్నదానికంటే ఎక్కువ సమయం వంటింట్లోనే పట్టింది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార విలువల పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో 356 కెలొరీలు ఉన్నాయి. అయితే కంచంలో పడేది బియ్యం కాదు, అన్నం. మా కుక్కర్లో 300 గ్రాముల బియ్యం వండితే 840 గ్రాముల అన్నం వచ్చింది, అంటే 2.8 రెట్లు. ఆ లెక్కన 100 గ్రాముల అన్నానికి 127 కెలొరీలు. ఎసరు మారితే ఈ అంకె మారుతుంది కాబట్టి, కుక్కరు గిన్నె ఖాళీ బరువును మూత మీదే మార్కరుతో రాసిపెట్టి, వండిన ప్రతిసారీ మొత్తం తూచే ఏర్పాటు చేశాము.

అన్నం లొంగింది గానీ నూనె లొంగలేదు. తిరగమోతకు డబ్బా వంచి పోసే నూనెను ఎవరూ చెంచాతో కొలవరు. ఆవకాయ మీద తేలే నూనె సంగతి, దోసె పెనం చుట్టూ వేసే నూనె సంగతి ఇక చెప్పనక్కరలేదు. గ్రాము నూనెకు 9 కెలొరీలు కనక, రోజుకు రెండు చెంచాలు లెక్క తప్పితే ఆడిట్ అంతా తప్పుతుంది. చివరికి ఫ్యాక్టరీల్లో డీజిల్ ట్యాంకుకు చేసే పనే ఇక్కడా చేశాను: ఆదివారం రాత్రి నూనె డబ్బాను తూచి, మళ్లీ ఆదివారం తూచి, తేడాను ఇంట్లోవాళ్ల మధ్య పంచాను. "నూనె డబ్బాకు కూడా తూకమా అండీ? రేపు ఉప్పు డబ్బాకూ వేస్తారేమో!" అని మా ఆవిడ నవ్వింది. వారానికి 910 గ్రాములు, అంటే దాదాపు ఒక లీటరు. నలుగురికి పంచితే ఒక్కొక్కరికి రోజుకు 32 గ్రాముల పైచిలుకు, కెలొరీలలో సుమారు 290. వేపుడులో నా వంతు పిల్లల వంతుకంటే ఎక్కువే గానీ, ఆ తేడాను ప్రస్తుతానికి వదిలేశాను.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. తూకంలో ఒక స్థిరమైన పొరపాటు ఉండి, అది ప్రతి నెలా అదే పాళ్లలో కొనసాగితే, ఖర్చు అంకె కొంత అటో ఇటో జరుగుతుంది గానీ ఒక నెలకూ మరో నెలకూ మధ్య తేడా పెద్దగా చెడదు. నాకు కావలసింది ఆ తేడాయే. అందుకే కొలిచే పద్ధతిని మధ్యలో మెరుగుపరచకూడదని నియమం పెట్టుకున్నాను.

జూన్ చివర

తిండిలో ఏ మార్పూ చేయకుండా సాగిన మొదటి దశ ముగిసింది. బరువు 84 దగ్గరే నిలిచింది, సగటు తిండి 2,250 కెలొరీలు తేలింది. బరువు కదలలేదు కాబట్టి ఖర్చు కూడా 2,250 అనే తీసుకోవాలి.

దీన్ని సూత్రాలతో పోల్చి చూశాను. 1990లో వెలువడిన మిఫ్లిన్-సెయింట్ జ్యోర్ సూత్రం ప్రకారం మగవారి విశ్రాంతి ఖర్చు కోసం బరువును 10తోను, ఎత్తును 6.25తోను హెచ్చవేసి, వయసును 5తో హెచ్చవేసి తీసేసి, చివర 5 కలపాలి. నాకు 1,678 వచ్చింది. విశ్రాంతి ఖర్చంటే గుండె, కాలేయం, మెదడు, మూత్రపిండాలు ఊరికే పనిచేస్తూ ఉండటానికి అయ్యే శక్తి. చాలామందిలో రోజు మొత్తం ఖర్చులో మూడింట రెండు వంతుల దాకా ఇదే ఉంటుంది. తిన్నదాన్ని అరిగించుకోవడానికి దాదాపు పదోవంతు పోతుంది. నడక, పని, కాళ్లు ఊపడం, లేచి కూర్చోవడం లాంటి కదలికలన్నీ మిగతా భాగంలోకి వస్తాయి. నా మొత్తాన్ని విశ్రాంతి ఖర్చుతో భాగిస్తే 1.34 వచ్చింది. కుర్చీ వదలని ఉద్యోగులకు సాధారణంగా 1.4 వేస్తారు కనక, సూత్రం చెప్పేదానికంటే నాది కొద్దిగా తక్కువ. సూత్రం తయారైంది 498 మంది అమెరికన్ల కొలతలతో. భారతీయుల విశ్రాంతి ఖర్చును పాశ్చాత్య సూత్రాలు కాస్త ఎక్కువ చేసి చూపుతాయన్నది పాత సంగతే. కాబట్టి ఈ తేడా నన్ను కలవరపెట్టలేదు.

భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల్లో 65 కిలోల బరువుండి, కూర్చుని పనిచేసే పురుషుడికి రోజుకు 2,110 కెలొరీలు కావాలని ఉంది. ఆ లెక్కను కిలోకు 32 చొప్పున నా 84 కిలోలకు వర్తింపజేస్తే దాదాపు 2,700 అవుతుంది. అసలు ఖర్చు అంతకంటే చాలా తక్కువ. కొవ్వు కణజాలం కిలోకు రోజుకు నాలుగైదు కెలొరీలే తీసుకుంటుంది, విశ్రాంతిగా ఉన్న కండరం 13 తీసుకుంటుంది. అదే కాలేయం కిలోకు 200, మెదడు 240, గుండె, మూత్రపిండాలు 440 చొప్పున తీసుకుంటాయి. పెరిగిన పొట్ట వెంట కాలేయమూ గుండే అదే పాళ్లలో పెరగవు కనక బరువుతో నేరుగా హెచ్చవేయడం కుదరదు.

జూలై

రోజుకు 1,750 కెలొరీలకు దిగాను, అంటే 500 కోత. షీటులో రెండు గీతలు గీశాను. ఒకటి అందరికీ తెలిసిన సరళరేఖ: రోజుకు 500 చొప్పున వారానికి 3,500 కెలొరీలు, 7,700తో భాగిస్తే 450 గ్రాములు. న్యూయార్కు వైద్యుడు మాక్స్ విష్నోఫ్‌స్కీ 1958లో రాసిన పౌనుకు 3,500 కెలొరీల లెక్కే దీనికి మూలం. ఆయన లెక్కలో తప్పేమీ లేదు. కొవ్వులో ఎంత శక్తి ఉందో అది సరిగ్గానే చెబుతుంది. దాన్ని నెలల తరబడి గీతలా పొడిగించుకుంటూ పోయినవాళ్లదే పొరపాటు, ఎందుకంటే అలా పొడిగిస్తే సంవత్సరానికి 23 కిలోలకు పైగా, మూడేళ్లకు దాదాపు 70 కిలోలు తగ్గి నేను 14 కిలోల మనిషిగా మిగలాలి.

రెండో గీత వంపు తిరిగినది. బరువు ఒక కిలో తగ్గిన ప్రతిసారీ రోజువారీ ఖర్చు 20 నుంచి 30 కెలొరీల దాకా పడిపోతుందని ప్రచురితమైన అధ్యయనాలు చెబుతున్నాయి. నేను 25 వేసుకున్నాను. అప్పుడు 500 కోత అలాగే ఉన్నా, ఖర్చు రోజురోజుకూ దిగి తిండి దగ్గరకు వస్తుంటే లోటు తరుగుతుంది. 20 కిలోలు తగ్గాక లోటు పూర్తిగా మూసుకుపోయి బరువు నిలిచిపోతుంది. ఆరు నెలలకు సరళరేఖ 11.8 కిలోలు తగ్గాలంటే వక్రరేఖ 8.9 అంటోంది. ఏడాదికి మొదటిది 23.6, రెండోది 13.9. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసిన కెవిన్ హాల్ బృందం 2011లో ప్రచురించిన నమూనా నాదానికంటే ఎంతో సూక్ష్మమైనది. దాని సారాంశం ప్రకారం తిండిలో చేసిన మార్పు ఫలితంలో సగం కనబడటానికి ఏడాది, దాదాపు మొత్తం కనబడటానికి మూడేళ్లు పడుతుంది. బరువు ఆగిపోయిందని మూడో నెలలోనే డైటు మానేసే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వారికి ఈ గీతను ముందే చూపించి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఆగస్టు, సెప్టెంబరు

తిండి తగ్గించిన మొదటి పదిరోజుల్లో బరువు రెండు కిలోలు పడిపోయింది. ఈ పతనాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కండరాల్లో, కాలేయంలో కలిపి అర కిలో దాకా గ్లైకోజెన్ (శరీరం దాచుకునే పిండిపదార్థం) నిల్వ ఉంటుంది, ప్రతి గ్రాముకూ దాదాపు మూడు గ్రాముల నీరు అంటుకుని ఉంటుంది. తిండి తగ్గగానే ముందు ఖాళీ అయ్యేది ఆ నిల్వే. కొత్త డైటుల ప్రచారకర్తలు మొదటి వారం ఫలితాలనే ఎందుకు చూపిస్తారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

వినాయక చవితి మర్నాడు యంత్రం 1.3 కిలోలు ఎక్కువ చూపింది. అది కొవ్వే అయితే పండగనాడు మామూలు ఖర్చు కంటే పదివేల కెలొరీలు అదనంగా తిని ఉండాలి. ఎన్ని ఉండ్రాళ్లు, ఎంత పులిహోర తిన్నా అది అసాధ్యం. ఉప్పు, గ్లైకోజెన్, వాటి వెంట వచ్చిన నీరు, ఇంకా పేగుల్లోనే ఉన్న ఆహారం కలిసి అంత బరువయ్యాయి. నాలుగు రోజుల్లో అదంతా దిగిపోయింది. ఇలాంటి ఎగుడుదిగుళ్లను చదును చేయడానికి షీటులో ధోరణి అనే ఒక వరుస కలిపాను: నిన్నటి ధోరణికీ ఇవాళ్టి తూకానికీ ఉన్న తేడాలో పదోవంతును మాత్రమే ధోరణికి కలుపుతాను. రోజూ యంత్రం ఎక్కుతాను గానీ నమ్మేది ఈ వరుసనే.

అక్టోబరు, నవంబరు

ఈ రెండు నెలల్లోనే ప్రాజెక్టు ఆసక్తికరంగా మారింది. గీత వంపు తిరగడం మొదలైంది, పైగా నేను గీసుకున్న వక్రరేఖ కంటే కాస్త ఎక్కువగానే తిరిగింది.

కార్తీక సోమవారాల్లో ఉపవాసం చేసిన రోజుల్లో ఫోనులోని అడుగుల లెక్క చూశాను. మామూలుగా ఆఫీసులోను, ఇంట్లోను కలిపి ఐదువేల పైచిలుకు అడుగులు వేసే నేను ఆ రోజుల్లో నాలుగువేలు దాటలేదు. లిఫ్టు వాడాను, ఫైలు తెమ్మని అటెండరును పంపాను, కూర్చున్నచోటి నుంచే ఫోన్లు చేశాను. వీటిలో ఒక్కటి కూడా ఆలోచించి చేసిన పని కాదు. అమెరికాలోని మయో క్లినిక్‌లో జేమ్స్ లెవిన్ బృందం 1999లో దీనికి తలకిందులైన ప్రయోగం చేసింది: పదహారు మందికి ఎనిమిది వారాలపాటు రోజుకు వెయ్యి కెలొరీలు ఎక్కువ పెడితే ఒకరికి అర కిలో కొవ్వు కూడా పెరగలేదు, మరొకరికి నాలుగు కిలోలకు పైగా పెరిగింది. కొవ్వు చేరనివారు తమకు తెలియకుండానే ఎక్కువ కదిలారు. తిండి తగ్గినప్పుడు శరీరం ఇదే మీటను రెండో వైపుకు తిప్పుతుంది.

ఇంకా లోతుకు వెళితే, 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ చేసిన ప్రయోగం కనిపిస్తుంది. యుద్ధంలో పాల్గొనడానికి మనస్సాక్షి ఒప్పుకోని 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చి 24 వారాలపాటు అర్ధాకలితో ఉన్నారు. వారానికి 35 కిలోమీటర్లు నడవాలన్న షరతు కూడా ఉంది. వారి బరువు నాలుగో వంతు తగ్గింది. విశ్రాంతి ఖర్చు దాదాపు 40 శాతం తగ్గింది. ఖర్చు బరువుకంటే ఎక్కువ పాళ్లలో పడిపోయిందన్నది గమనించాలి. రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో రూడాల్ఫ్ లీబెల్, మైకేల్ రోసెన్‌బామ్, జూల్స్ హిర్ష్ 1995లో దీన్ని ఇంకా పకడ్బందీగా కొలిచారు. బరువును పది శాతం తగ్గించి అక్కడే నిలిపి ఉంచినవారిలో, కొవ్వు కాని దేహభారం కిలోకు రోజుకు 6 నుంచి 8 కెలొరీల చొప్పున మొత్తం ఖర్చు పడిపోయింది. దేహం చిన్నదైనందువల్ల తగ్గాల్సినదానికి ఇది అదనం.

కారణం ఎక్కువగా కండరాల్లో ఉంది. బరువు తగ్గినవారిని సైకిలు యంత్రం మీద మెల్లగా తొక్కించి చూస్తే అదే పనికి వారి కండరాలు మునుపటికంటే సుమారు 20 శాతం తక్కువ శక్తిని తీసుకున్నాయి. రాక్‌ఫెల్లర్‌లోనే జెఫ్రీ ఫ్రైడ్‌మన్ 1994లో కనిపెట్టిన లెప్టిన్ అనే హార్మోను కొవ్వు కణాల్లోంచి వెలువడుతుంది. కొవ్వు తగ్గితే అదీ తగ్గుతుంది, దాని వెంట థైరాయిడ్ హార్మోన్లలో చురుకైన రూపం కూడా తగ్గుతుంది. సన్నబడినవారికి లెప్టిన్‌ను ఇంజెక్షనుగా ఇస్తే ఖర్చు మళ్లీ పైకి వచ్చింది. అంటే నిల్వలు తగ్గాయన్న సమాచారం అందగానే మెదడు పొదుపు మొదలుపెడుతోందన్న మాట. ఒక ఆడిటరుగా ఈ యంత్రాన్ని మెచ్చుకోకుండా ఉండలేను, నా పనికి అడ్డం పడుతున్నా సరే.

ఖర్చుకంటే ఆకలి మరింత బలమైనది. 2016లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం కిలో బరువు తగ్గినందుకు ఖర్చు 20-30 కెలొరీలు పడిపోతే, ఆకలి మాత్రం రోజుకు సుమారు 100 కెలొరీల మేర పెరుగుతుంది. ఎనిమిది కిలోలకు 800. సాయంత్రం ఆరు గంటలకు ఆఫీసు ఎదుటి మిర్చి బజ్జీల బండి దగ్గర ఈ అంకెకు అర్థం బాగా బోధపడుతుంది. తిండిలో మాంసకృత్తులు పెంచడం కొంత ఆదుకుంది. వాటిలోని శక్తిలో 20 నుంచి 30 శాతం అరుగుదలకే ఖర్చవుతుంది, కడుపు కూడా ఎక్కువసేపు నిండుగా ఉంటుంది. సాయంత్రానికి ఉడికించిన శనగలు, మధ్యాహ్నానికి రెండు గరిటెల పప్పు, గుడ్డు తెల్లసొన అలవాటు చేసుకున్నాను.

డిసెంబరు చివర

బరువు 76. ఈ నెలలో సగటు తిండి 1,750. నాలుగు వారాల్లో ధోరణి 0.9 కిలో దిగింది. 0.9ని 7,700తో హెచ్చవేసి 28తో భాగిస్తే రోజుకు 248. రెండూ కలిపితే ఖర్చు దాదాపు 2,000.

బరువు తగ్గినందువల్ల మాత్రమే అయితే ఎంత ఉండాలి? సూత్రం ప్రకారం 76 కిలోలకు విశ్రాంతి ఖర్చు 1,598. నా పాత నిష్పత్తి 1.34తో హెచ్చవేస్తే సుమారు 2,143. అంటే 143 కెలొరీలు కనబడటం లేదు. తిండి తూకంలో ఐదు శాతం పొరపాటు అంటే 90 కెలొరీలు, ధోరణిలో 300 గ్రాముల పొరపాటు అంటే రోజుకు 80 కెలొరీలు. రెండింటినీ వర్గాల మొత్తం పద్ధతిలో (వర్గాలను కూడి వర్గమూలం తీసి) కలిపితే నా కొలతకు అటూ ఇటూ 120 సందేహం ఉంది. 143 దాన్ని కొంచెం మాత్రమే దాటింది. అయితే తూకపు పొరపాటు రెండు దశల్లోనూ ఒకేలా ఉందనుకుంటే సందేహం తగ్గుతుంది. పైగా దిశ రాక్‌ఫెల్లర్ ఫలితాలతో కలిసింది. కాబట్టి దీన్ని కొట్టిపారేయకుండా పద్దులో నిలిపాను.

ఈ లోటు ఎంతకాలం ఉంటుందన్న దానికి కలవరపెట్టే సాక్ష్యం ఒకటుంది. అమెరికాలో ఒక టెలివిజన్ బరువు తగ్గింపు పోటీలో పాల్గొన్నవారిలో 14 మందిని కెవిన్ హాల్ బృందం ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించింది. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవారు అందులో 41 కిలోలు తిరిగి పెరిగారు. అయినా వారి విశ్రాంతి ఖర్చు ఉండాల్సినదానికంటే రోజుకు దాదాపు 500 కెలొరీలు తక్కువగానే ఉంది. వాళ్లు చేసినది తీవ్రమైన వ్యాయామంతో కూడిన అతివేగపు తగ్గింపు కనక నా ఎనిమిది కిలోలకు ఆ అంకెలను అంటగట్టను. వారిలో బరువును బాగా నిలుపుకున్నవారు మిగతావారికంటే ఎక్కువ శారీరక శ్రమ చేసినవారేనన్న సంగతి మాత్రం రాసిపెట్టుకున్నాను.

పోయిన కొవ్వు ఎటు వెళ్లిందో కూడా ఇక్కడ రాస్తాను, ఎందుకంటే మా వాకింగ్ ట్రాక్ మీద ఎండలో ప్లాస్టిక్ జాకెట్లు తొడుక్కుని నడిచేవారు కనబడుతున్నారు. పది కిలోల కొవ్వు ఆక్సీకరణ చెందితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా, 1.6 కిలోలు నీరుగా మారతాయి. కొవ్వులో అధికభాగం ముక్కులోంచే పోతుంది. జాకెట్టు వల్ల పోయే బరువు రెండు గ్లాసుల నీళ్లు తాగేదాకానే ఉంటుంది.

జనవరి నుంచి మార్చి

ఇంతవరకు వ్యాయామాన్ని కావాలనే దూరంగా ఉంచాను. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఏది ఎంత చేసిందో విడదీయలేము. ఇప్పుడు తిండిని 1,950కి పెంచి, హనుమకొండలో భద్రకాళి చెరువు కట్ట మీద రోజూ ఐదు కిలోమీటర్ల నడక, వారానికి రెండు మూడు సార్లు ఇంట్లోనే డంబెల్స్‌తో కసరత్తు మొదలుపెట్టాను.

చదునైన నేల మీద నడకకు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు అర కెలొరీ అదనంగా ఖర్చవుతుంది. 76 కిలోలకు ఐదు కిలోమీటర్లంటే 190. చేతి గడియారం మాత్రం 350 చూపిస్తోంది. ఆ గంటలో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే 70-80 కెలొరీలను కూడా అది కలుపుకుంటుంది. అలా కలిపినా 270 దాటకూడదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 2017లో ఏడు రకాల మణికట్టు పరికరాలను పరీక్షించినప్పుడు గుండె వేగాన్ని చాలావరకు సరిగ్గా కొలిచాయి గానీ, శక్తి ఖర్చులో అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. గడియారం చూపిన 350ని నమ్మి నడక తర్వాత రెండు సమోసాలు తింటే ఆరోజు నడవనివాడే నయం.

ఇక అసలు ప్రశ్న. నడక 190 కలిపితే రోజు మొత్తం ఖర్చు కూడా 190 పెరగాలి కదా? హెర్మన్ పాంట్జర్ బృందం టాంజానియా ఉత్తర ప్రాంతంలో వేట, ఆహార సేకరణ మీద బతికే హద్జా ప్రజల ఖర్చును ఐసోటోపు నీటితో కొలిచి 2012లో ప్రచురించింది. రోజంతా నడిచే వారి మొత్తం ఖర్చు, శరీర పరిమాణాన్ని సరిచేసి చూస్తే, అమెరికా, ఐరోపాల్లో కుర్చీల్లో కూర్చునేవారి ఖర్చుకు భిన్నంగా లేదు. శ్రమ పెరిగితే శరీరం ఇతర పద్దులలో కోత పెట్టుకుంటుందన్నది పాంట్జర్ వాదన. దీన్ని అందరూ పూర్తిగా ఒప్పుకోలేదు. అయితే పెద్ద సంఖ్యలో మనుషుల కొలతలను కలిపి 2021లో చేసిన విశ్లేషణలో కూడా కదలిక వల్ల పెరిగే ఖర్చులో సగటున 28 శాతం మరోచోట సర్దుబాటై పోతోందని తేలింది.

నా షీటు చెప్పేదేమిటంటే, తిండి 1,950 ఉండగా చివరి నెల రోజుల్లో ధోరణి 740 గ్రాములు దిగింది, అంటే రోజుకు 190 లోటు, ఖర్చు 2,140. డిసెంబరు అంకెకంటే 140 ఎక్కువ. నడక ఇచ్చిన 190లో 50 ఎక్కడో ఆవిరైంది. అది నాలుగో వంతు కావడం, 28 శాతానికి దగ్గరగా ఉండటం చూసి మొదట సంబరపడ్డాను గానీ, నా కొలత సందేహం అంతకంటే పెద్దది కనక ఈ సారూప్యాన్ని యాదృచ్ఛికంగానే భావిస్తున్నాను. డంబెల్స్ వాటా ఇందులో విడిగా కనిపించదు. కండ పెరిగితే నిద్రలో కూడా కొవ్వు కరుగుతుందని జిమ్ముల్లో చెప్పే మాటను పై లెక్కలతో సరిచూస్తే, రెండు కిలోల కండరం కొత్తగా వచ్చినా రోజుకు 26 కెలొరీలే. చిన్న బిస్కెట్టు ముక్క. అయినా కసరత్తు మానను. తిండి తగ్గించి మాత్రమే బరువు తగ్గితే పోయినదాంట్లో నాలుగో వంతు దాకా కొవ్వు కాని భాగం ఉండవచ్చు. కసరత్తు ఆ నష్టాన్ని తగ్గిస్తుంది. మామూలు బరువులోనూ కొవ్వు పాలు ఎక్కువగా, కండ పాలు తక్కువగా ఉండే మన దక్షిణాసియా శరీరాలకు ఇది మరీ అవసరం.

ఏప్రిల్

వయసు గురించి ఒక పద్దు. నలభై దాటితే మెటబాలిజం మందగిస్తుందని ట్రాక్ మీద రోజూ వింటుంటాను. 29 దేశాల్లో ఆరువేల నాలుగు వందల మందికి పైగా వ్యక్తుల ఐసోటోపు కొలతలతో 2021లో వచ్చిన అధ్యయనంలో, శరీర పరిమాణాన్ని, కొవ్వు కాని భారాన్ని సరిచేశాక 20 నుంచి 60 ఏళ్ల మధ్య ఖర్చు స్థిరంగా ఉంది. అరవై దాటాకే ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గింది. మరి మిఫ్లిన్ సూత్రం ఏడాదికి 5 కెలొరీలు ఎందుకు తీసేస్తుందంటే, దానికి బరువు తెలుసు గానీ అందులో కండ ఎంతో తెలియదు. వయసుతోపాటు కండ పోయి కొవ్వు చేరడాన్ని అది వయసు ఖాతాలో రాస్తోంది.

మొత్తం అంకెలను ఒకచోట పెట్టి చూస్తే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది ఇది. 75 కిలోల బరువుతో, ఎన్నడూ లావెక్కకుండా, నాలాగే కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషి ఖర్చు నా నిష్పత్తి ప్రకారం 2,129. బరువు తగ్గి అక్కడికి చేరిన నేను నడవకపోతే 1,980 దగ్గర ఉంటాను. నడిస్తే 2,120. అంటే ఐదు కిలోమీటర్ల నడకతో నాకు వచ్చేది అదనపు తిండికి అనుమతి కాదు; బరువు తగ్గినందుకు శరీరం కోసుకున్న మొత్తం దాదాపుగా తిరిగి చేతికి వస్తోంది, అంతే. బరువు తగ్గించడంలో వ్యాయామం పాత్ర చిన్నదని, తగ్గిన బరువును నిలపడంలో పెద్దదని వైద్యులు చెప్పే మాట నా షీటులో ఈ రెండు అంకెల మధ్య ఉంది. నడక వల్ల రక్తంలో చక్కెర, రక్తపోటు మీద కలిగే మేలు వేరే సంగతి. దాన్ని ఈ షీటు కొలవదు.

ప్రస్తుత స్థితి: ధోరణి 75.1. వచ్చే వారం నుంచి తిండిని 2,100కి పెంచి, నడకను అలాగే ఉంచి, కొత్త దశ మొదలుపెడతాను. ధోరణి అర కిలో పైకిగాని కిందికిగాని జరిగితే గడి ఎర్రబడేలా షీటులో ఏర్పాటు చేశాను. ఎర్రబడితే తిండిని ఒకేసారి 100 కెలొరీలకు మించి మార్చకూడదని పక్కనే రాసిపెట్టాను. మే నెలలో ఎండలకు నడక సగానికి పడిపోతుంది. నాలుగు గోడల మధ్య చేయగల ప్రత్యామ్నాయంగా మా అపార్ట్‌మెంటు మెట్లను ఎంచుకున్నాను. ఒక అంతస్తు ఎత్తు మూడు మీటర్లు, 75 కిలోలు. ఎత్తుకు ఎక్కే పని 2,200 జౌల్స్, కండరాల సామర్థ్యం నాలుగో వంతు అనుకుంటే అంతస్తుకు సుమారు రెండు కెలొరీలు. ఐదు కిలోమీటర్ల నడకకు సమానం కావాలంటే తొంభై అంతస్తులు ఎక్కాలి. మోకాళ్లు ఒప్పుకుంటే రోజుకు ముప్పై అంతస్తులతో మొదలుపెట్టి, మిగతాది తెల్లవారుజామున ఐదింటికి కట్ట మీద పూర్తి చేయాలన్నది ప్రణాళిక.